ముందు రేవు, తర్వాతే బోటు: చెన్నైలో పాత సెంటర్ కన్సోల్ కొనేవారికి

అమ్మకానికి పెట్టిన పాత సెంటర్ కన్సోల్ బోట్ల ఫొటోలన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. తెల్లగా మెరిసే హల్ (బోటు బాడీ), వెనక 150 హార్స్‌పవర్ మోటారు, పైన టీ-టాప్ కప్పు, రాడ్ హోల్డర్లలో నిలబెట్టిన నాలుగు గాలాలు. ఆ ఫొటోలో కనిపించేవేవీ బోటు విలువను తేల్చవు. తేల్చేవి కంటికి కనబడని మూడు చోట్ల ఉంటాయి: మోటారు బిగించిన వెనుక గోడ లోపలి చెక్క, డెక్ కింద పాతిపెట్టిన పెట్రోల్ ట్యాంకు, మోటారు నీటి దారుల్లో పేరుకున్న ఉప్పు. వీటన్నిటికంటే ముందు తేలాల్సిన నాలుగో విషయం బోటులోనే లేదు. అది రేవు.

సెంటర్ కన్సోల్ అంటే స్టీరింగ్ స్టాండు బోటు నడిమధ్యన ఉండి, చుట్టూ నడవడానికి ఖాళీ వదిలిన తెరుపు బోటు. వంజరం గాలానికి పడి బోటు చుట్టూ తిరిగితే మనిషి కూడా దానితోపాటు అనియం (ముందు కొన) నుంచి అమరం (వెనుక కొన) దాకా అడ్డం లేకుండా తిరగగలగాలి. ఈ అమరిక పుట్టిందే అందుకు. కాశిమేడు ఫిషింగ్ హార్బర్లో కనిపించే ఫైబర్ బోట్లకూ దీనికీ పోలిక తక్కువ. అవి అలల మీదుగా ఇసుక మీదికి ఎక్కించడానికి తేలిగ్గా కట్టినవి. సెంటర్ కన్సోల్‌కు అడుగు లోతైన ‘వి’ ఆకారంలో ఉంటుంది, పైన డెక్, కింద హల్ అని రెండు పొరలుంటాయి, నడుమ ఫోమ్, ట్యాంకు, వైర్లు, పైపులు. పాతబడినప్పుడు చెడేవి కూడా ఆ రెండు పొరల నడుమ ఉన్నవే.

రేవు సంగతి

22 అడుగుల బోటు హల్ ఒక్కటే 900 నుంచి 1,200 కిలోలు తూగుతుంది. 150 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ మోటారు 205 నుంచి 235 కిలోలు. 250 లీటర్ల పెట్రోలు మరో 185 కిలోలు. ట్రైలర్, బ్యాటరీలు, లంగరు, ఐస్ కలుపుకుంటే రెండు టన్నులకు అటూ ఇటూ తేలుతుంది. ఇంత బరువును నీలాంకరై ఇసుకలోనుంచో మెరీనా తీరం నుంచో సముద్రంలోకి నెట్టడం కుదిరే పని కాదు. చెన్నై తీరంలో అల ఒడ్డు దగ్గరే విరుచుకుపడుతుంది. అడుగున వేలాడే మోటారు కాలు మొదటి అలకే ఇసుకలో గుచ్చుకుంటుంది, రెండో అల బోటును అడ్డం తిప్పి నీళ్ళతో నింపుతుంది.

అందుకని బోటు చూడబోయే ముందే మూడు ప్రశ్నలకు జవాబు చేతిలో ఉండాలి. దాన్ని ఎక్కడ దించుతారు? దించని రోజుల్లో ఎక్కడ ఉంచుతారు? తుపాను హెచ్చరిక వస్తే ఎన్ని గంటల్లో, ఏ వాహనంతో బయటికి లాగుతారు? ముట్టుకాడు బ్యాక్‌వాటర్ విహారానికి బాగుంటుంది గానీ, వానలు లేని నెలల్లో దాని ముఖద్వారం ఇసుకతో పూడుకుపోతుంది. అడయారు ముఖద్వారానిదీ అదే కథ. బ్యాక్‌వాటర్‌లో దించి సముద్రంలోకి పోదామనే లెక్క ఏడాదిలో చాలా రోజులు తప్పుతుంది. పులికాట్ సరస్సు సగటు లోతు ఒక మీటరు మాత్రమే. మోటారు పూర్తిగా దించిన సెంటర్ కన్సోల్‌కు దాదాపు అంత లోతూ కావాలి. కాశిమేడు వంటి ఫిషింగ్ హార్బర్లో చోటు కావాలంటే అనుమతి, రోజువారీ రద్దీ, మరబోట్ల మధ్య రాపిడి అన్నీ భరించాలి. అక్కడి బంకుల్లో దొరికేది ప్రధానంగా డీజిల్. పెట్రోలు మోటారుకు ఇంధనం బయటి నుంచి మోసుకెళ్ళాల్సి రావచ్చు. యాచ్ క్లబ్బు సభ్యత్వమో, ప్రైవేటు స్లిప్‌వే (బోటు దించే వాలు) ఉన్న బోటు యార్డుతో నెలవారీ ఒప్పందమో ఉంటే పెద్ద బోటు ఆలోచించండి. లేకపోతే 18, 19 అడుగులకు దిగి రావడం మంచిది. ఈ ఒక్క నిర్ణయం తప్పితే మిగతావన్నీ సరిగ్గా చేసినా బోటు షెడ్డులోనే ముసలిదవుతుంది.

కాలం కూడా లెక్కలోకి వస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల సముద్రం కుటుంబ విహారానికి పనికిరాదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేటపై నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో మీ బోటులో గాలం వేయవచ్చో లేదో ఫిషరీస్ శాఖను అడిగి తేల్చుకోవాలి. మిగిలిన నెలల్లోనూ మధ్యాహ్నం సముద్రపు గాలి లేచిందంటే నీటి మీద దగ్గర దగ్గరగా పొట్టి అలలు పుడతాయి. చెన్నైలో కుటుంబంతో తిరిగేది తెల్లవారుజాము నుంచి పదకొండింటి లోపు. బోటు ఆకారం ఎంచుకోవడానికి ఈ సంగతి పనికొస్తుంది.

ఎంత పొడవు, ఎంత ‘వి’

హల్ అడుగు వెనుక చివర ఎంత కోణంలో పైకి లేచిందో దాన్ని డెడ్‌రైజ్ అంటారు. 24 డిగ్రీల బోటు అలను కోసుకుంటూ మెత్తగా పోతుంది, కానీ మోటారు ఆపి గాలం వేసుకు కూర్చుంటే అటూ ఇటూ ఊగుతుంది. వాంతులు మొదలయ్యేది పరుగులో కాదు, ఆ ఊగుడులోనే. 14, 15 డిగ్రీల బోటు ఆగినప్పుడు బల్లలా నిలకడగా ఉంటుంది, పొట్టి అలల మీద వేగంగా పోతే మాత్రం నడుము విరిగేలా కొడుతుంది. వేటకూ పిల్లలతో షికారుకూ ఒకటే బోటు కావాలంటే 18 నుంచి 21 డిగ్రీల మధ్య చూడండి. అమ్మేవారికి ఆ అంకె తెలియకపోతే, ట్రైలర్ మీద బోటును అడ్డంగా సమతలంగా నిలిపి, వెనుక చివర అడుగుభాగానికి ఫోన్ ఆనించి కోణం కొలిచే యాప్‌తో చూడవచ్చు.

పొడవు 20 నుంచి 22 అడుగులు, వెడల్పు 2.6 మీటర్లకు లోపు. మన రోడ్ల మీద వాహనానికి అనుమతించే వెడల్పు కూడా అంతే కాబట్టి ట్రైలర్ మీద తీసుకెళ్ళడంలో చిక్కుండదు. అమెరికా నుంచి వచ్చిన బోట్ల విషయంలో ఒక తేడా గుర్తుంచుకోండి. అక్కడి నిబంధనల ప్రకారం 20 అడుగుల లోపు బోట్లకు మనుషుల సంఖ్య, బరువు, హార్స్‌పవర్ పరిమితి రాసిన కెపాసిటీ ప్లేటు ఉండాలి, నీళ్ళు నిండినా మునగకుండా నిలిపే ఫోమ్ ఉండాలి. ఆపై పొడవున్న వాటికి ఆ నిర్బంధం లేదు. కాబట్టి 22 అడుగుల బోటు 19 అడుగుల దానికంటే తప్పకుండా భద్రం అనుకోవడానికి లేదు. ఫోమ్ ఉందో లేదో విడిగా అడగాలి.

గేదెను గట్టెక్కించాకే బేరం

గేదెను నీళ్ళలో ఉంచి బేరమాడకూడదన్న సామెత బోటుకు అక్షరాలా సరిపోతుంది. నీటి మీద తేలుతున్న బోటును ఎంత చూసినా సగమే చూసినట్టు. ట్రైలర్ మీదికి ఎక్కించి, కడిగి, ఒకటి రెండు రోజులు ఆరనిచ్చాక చూడాలి.

మొదట ట్రాన్సమ్, అంటే మోటారు బిగించే వెనుక గోడ. బయట ఫైబర్, లోపల ఫైబర్, నడుమ దాదాపు 2 అంగుళాల మందాన కోర్. పాత బోట్లలో ఆ కోర్ ప్లైవుడ్. డెప్త్ సౌండర్ (లోతు కొలిచే పరికరం) సెన్సార్‌కనీ నిచ్చెనకనీ తర్వాతెప్పుడో కొట్టిన స్క్రూల గుండా, సీలెంట్ ఎండిపోయిన మోటారు బోల్టుల గుండా నీరు చెక్కలోకి దిగుతుంది. చెక్క లోపల్లోపల పిప్పి అవుతుంటే బయటి ఫైబర్ నిగనిగలాడుతూనే ఉంటుంది.

పరీక్ష ఇలా చేయాలి. మోటారును సగం పైకి ఎత్తి, కింది భాగం పట్టుకుని ఒకరు గట్టిగా కిందికీ పైకీ ఊపుతుంటే ఇంకొకరు ట్రాన్సమ్ పై అంచును కనిపెట్టి చూడాలి. గోడ కదిలినా, మోటారు గుంట మూలల్లో పగుళ్ళు తెరుచుకుని మూసుకున్నా అక్కడితో ఆ బోటును వదిలేయవచ్చు. కదలకపోతే ప్లాస్టిక్ సుత్తితో జానెడుకొక దెబ్బ చొప్పున గోడంతా కొట్టండి. గట్టి చోట ఠంగుమంటుంది, కుళ్ళిన చోటా పొరలు విడిపోయిన చోటా మొద్దుగా డబ్‌మంటుంది. తర్వాత అమ్మేవారి అనుమతితో ట్రాన్సమ్ కింది భాగంలో సెన్సార్ స్క్రూ ఒకటి విప్పండి. ఆ రంధ్రంలోంచి గోధుమరంగు నీరు కారినా, సన్నటి తీగ గుచ్చితే తడి పొట్టు అంటుకొచ్చినా ఇక అనుమానం అక్కర్లేదు. తేమ మీటరు ఉంటే దాని అంకెను ఒంటరిగా నమ్మొద్దు. చెన్నై గాల్లో తేమ ఎప్పుడూ ఎక్కువే. బోటు పక్కగోడ మీద పొడిచోట ఒక రీడింగ్ తీసి, ట్రాన్సమ్ రీడింగ్‌ను దానితో పోల్చాలి.

కుళ్ళిన ట్రాన్సమ్‌ను బాగుచేయవచ్చు. మోటారు దించి, ఒకవైపు ఫైబర్ పొర కోసి, చెక్కంతా తవ్వి తీసి, కొత్త కోర్ అతికించి మళ్ళీ ఫైబర్ వేయాలి. ఇక్కడి వర్క్‌షాపుల్లో చేయిస్తే ఐఎస్ 710 మార్కున్న మెరైన్ ప్లైవుడ్ మాత్రమే వాడాలని ముందే మాట తీసుకోండి. ఫర్నిచర్‌కు వాడే ఐఎస్ 303 ప్లైవుడ్‌కు ‘వాటర్‌ప్రూఫ్’ అని పేరున్నా అది ఈ పనికి రాదు. బోటు ధరలోంచి ఈ ఖర్చంతా తగ్గించుకోగలిగితేనే బేరం కొనసాగించాలి.

ట్రాన్సమ్ తర్వాత పొడవాటి దూలాలు, అంటే స్ట్రింజర్లు. బోటు అడుగున పొడవునా ఉండి డెక్‌నూ హల్‌నూ మోసేవి ఇవే. డెక్ మీద మడమతో బరువు వేస్తూ నడవండి. హ్యాచ్‌ల అంచులు, సీటు కాళ్ళు, కన్సోల్ అడుగు దగ్గర మెత్తగా దిగితే కోర్ తడిసిందని అర్థం. ఫోన్‌కు తగిలించే సన్నటి ఎండోస్కోప్ కెమెరా ఈ రోజుల్లో చవకగానే దొరుకుతుంది. దాన్ని తనిఖీ మూతల గుండా లోపలికి పంపి స్ట్రింజర్ హల్‌ను కలిసే మూల వెంట ఫైబర్ టేపు లేచిందేమో చూడండి.

డెక్ కింది ఫోమ్ నీరు తాగిందో లేదో కంటికి కనబడదు. దీనికి అన్నిటికంటే నమ్మకమైన పనిముట్టు లారీల వే బ్రిడ్జి. బోటును ట్రైలర్‌తో సహా తూకం వేసి, అందులోంచి ట్రైలర్, మోటారు, ఉన్న పెట్రోలు (లీటరుకు ముప్పావు కిలో లెక్కన), బ్యాటరీలు తీసేయండి. మిగిలింది కంపెనీ చెప్పిన హల్ బరువుకంటే 150, 200 కిలోలు ఎక్కువ తేలితే ఆ బరువు నీళ్ళదే కావచ్చు. క్యూబిక్ మీటరు ఫోమ్ పొడిగా ఉంటే సుమారు 32 కిలోలు. నీరు తాగడం మొదలుపెడితే అదే ఫోమ్ వందల కిలోలకు పోతుంది. దాన్ని ఆరబెట్టే మార్గం లేదు, డెక్ కోసి తీయాల్సిందే.

హల్ మీద సాలెగూడులా కనిపించే సన్నటి గీతలన్నిటికీ భయపడొద్దు. ఎండకు పైపూత చిట్లితే అలాగే ఉంటుంది. ఒకే బిందువు నుంచి నక్షత్రంలా చీలినవి దేనికో గుద్దుకున్న గుర్తులు. అడుగున పొడవునా ఒకదాని పక్కన ఒకటి సమాంతరంగా ఉన్నవి, మూలల్లో లోతుగా దిగినవి మాత్రం లోపలి దూలం కదులుతోందని చెబుతాయి. ఎప్పుడూ నీటిలోనే కట్టి ఉంచిన బోటుకు అడుగున బొబ్బలు రావచ్చు. గుచ్చితే పుల్లటి వాసనతో ద్రవం కారుతుంది. పది పదిహేను ఉంటే మరమ్మతు చేయించుకోవచ్చు, అడుగంతా ఉంటే వద్దు.

ట్యాంకు, పెట్రోలు

చాలా సెంటర్ కన్సోళ్ళలో అల్యూమినియం ట్యాంకును డెక్ కింద దించి చుట్టూ ఫోమ్ పోసేస్తారు. ఆ ఫోమ్‌కూ లోహానికీ మధ్య ఉప్పునీరు నిలిస్తే అల్యూమినియం గుంటలు గుంటలుగా తినేస్తుంది. రేకు మందమే రెండున్నర, మూడు మిల్లీమీటర్లు. ఉప్పునీటిలో తిరిగిన బోటుకు పది పదిహేనేళ్ళు దాటితే ట్యాంకును అనుమానించాలి. అడుగు కుహరం మూత తీయగానే పెట్రోలు వాసన గుప్పుమంటే ఆ రోజు ఇంజిన్ స్టార్ట్ చేయకండి. మెకానిక్ చేత గాలి పీడన పరీక్ష చేయించండి. అన్ని దారులూ మూసి 3 పీఎస్ఐ మించకుండా గాలి నింపితే సూది నిలకడగా నిలబడాలి. ట్యాంకు పైన డెక్‌లో బోల్టులు విప్పితే లేచే పెద్ద పలక ఉందా అని కూడా చూడండి. ఉంటే ట్యాంకు మార్చడం ఒకటి రెండు రోజుల పని. లేకపోతే డెక్ కోయాలి, ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఇక మన దేశంలో ఇప్పుడు ఈ సమస్య ఇంకో మలుపు తిరిగింది. 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలైన ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, 2025 నాటికి దేశమంతా వచ్చేసింది. ఔట్‌బోర్డ్ మోటార్ల మాన్యువల్స్‌లో ఇథనాల్ పరిమితి సాధారణంగా 10 శాతమే రాసి ఉంటుంది. ఇథనాల్ గాల్లోని తేమను లాక్కుంటుంది. కారు ట్యాంకు వారానికోసారి ఖాళీ అయి నిండుతుంది, బోటు ట్యాంకు నెలల తరబడి సగం నిండి, గాలి గొట్టం తెరిచి సముద్రపు ఒడ్డున నిలబడి ఉంటుంది. తేమ ఒక హద్దు దాటాక ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. మోటారు పీల్చే గొట్టం ఉండేది సరిగ్గా అక్కడే. పాత రబ్బరు గొట్టాలు మెత్తబడి లోపలి పొర ఊడి ఇంజెక్టర్లకు అడ్డం పడుతుంది. కార్బురేటర్ ఉన్న పాత టూ స్ట్రోక్ అయితే ఇథనాల్ ఎక్కువైనప్పుడు మిశ్రమం పలచనై పిస్టన్ కాలే ప్రమాదం కూడా ఉంది.

కొనేముందు చేయాల్సింది ఏమిటంటే, ఆ మోడల్ సీరియల్ నంబరు చెప్పి డీలర్ దగ్గర ఇథనాల్ పరిమితి రాతపూర్వకంగా తెలుసుకోవడం, వాటర్ సెపరేటర్ ఫిల్టర్‌ను విప్పి అందులోని పెట్రోలు గాజు సీసాలో పోసి పావుగంట ఉంచడం. అడుగున వేరే పొర తేలినా, తుప్పు రంగు మడ్డి కనిపించినా ట్యాంకు నుంచి ఇంజెక్టర్ల దాకా శుభ్రం చేయించాలి. కొన్నాక 10 మైక్రాన్ల వాటర్ సెపరేటర్ తప్పనిసరి. పెట్రోలును మూడు నాలుగు వారాలకంటే ఎక్కువ నిల్వ ఉంచకుండా, ఎంత అవసరమో అంతే పోసుకోవడం నయం.

మోటారు

పాత బోటు ధరలో సగానికి పైగా మోటారుదే. హల్ బాగుండి మోటారు పోతే మిగిలేది ఖాళీ తొట్టి, మళ్ళీ కొత్త మోటారుకు లక్షల్లో పెట్టాలి.

బోటు దగ్గరికి వెళ్ళగానే మొదట మోటారు కవరు మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. చల్లటి మోటారు ఎలా అందుకుంటుందో చూడాలి కాబట్టి ఇంకో రోజు రండి. గంటల మీటరు అంకెకంటే గంటలు ఎలా గడిచాయన్నది ముఖ్యం. సొంత షికారు బోటు ఏడాదికి 50 నుంచి 100 గంటలు తిరగడం మామూలు. పదేళ్ళ మోటారు 120 గంటలే తిరిగిందంటే సంతోషించాల్సిన పని లేదు. కదలకుండా కూర్చున్న మోటారులో ఉప్పు గట్టిపడుతుంది, పంపు రబ్బరు ఒకే వంపులో బిగుసుకుపోతుంది. సర్వీసు బిల్లులతో 800 గంటలు తిరిగినది దానికంటే నమ్మదగినది. ఇంజెక్షన్ ఉన్న ఫోర్ స్ట్రోక్ మోటార్ల కంప్యూటర్ నుంచి డీలర్ రిపోర్టు తీయగలరు. ఏ ఆర్‌పీఎంలో ఎన్ని గంటలు నడిచింది, ఎన్నిసార్లు వేడెక్కింది అందులో ఉంటుంది. ఆ ఫీజుకు వెనకాడొద్దు.

కంప్రెషన్ పరీక్షకు బ్యాటరీ నిండుగా ఉండాలి, స్పార్క్ ప్లగ్గులన్నీ తీసేయాలి, కిల్ స్విచ్ తాడు లాగేయాలి, థ్రాటిల్ పూర్తిగా తెరవాలి, ఒక్కో సిలిండర్‌ను ఐదారు చుట్లు తిప్పాలి. అంకె ఎంతన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం లోపు ఉండాలన్నది అసలు కొలత. 180, 178, 182, 150 అని వచ్చిందనుకోండి, ఆ నాలుగోది మీకు కావాల్సిన సమాధానం చెప్పేసింది.

గేర్ ఆయిల్ కింది స్క్రూ వదులుచేసి రెండు చుక్కలు కారనివ్వండి. మజ్జిగలా తెల్లబడి ఉంటే నీరు చేరింది. దీనికి తరచు కారణం ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు చుట్టుకున్న గాలపు దారం. సన్నటి నైలాన్ దారం సీలును కోసేస్తుంది, ఉప్పునీరు గేర్లలోకి పోతుంది. వేటకు వాడిన ప్రతి బోటుకూ ప్రొపెల్లర్ విప్పించి షాఫ్ట్ చూడండి. అలాగే వెనుక నుంచి పిచికారీలా వచ్చే నీటిధార బలంగా ఉంటే చాలు, చల్లదనం బాగుందని చాలామంది అనుకుంటారు. పంపు పనిచేస్తోందనడానికి మాత్రమే అది రుజువు. బ్లాక్ లోపలి దారుల్లో ఉప్పు ఎంత గట్టిపడిందో తెలియాలంటే థర్మోస్టాట్ మూత విప్పించాలి. తెల్లటి గడ్డలు కనిపిస్తే ఆ మోటారును మంచినీటితో కడిగే అలవాటు ఆ ఇంట్లో లేదు. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) వైపు కొన్ని బోర్లలో నీరే ఉప్పగా ఉంటుంది. దానితో రోజూ కడిగినా ప్రయోజనం కొంతే, కాబట్టి ఏ నీటితో కడిగారని కూడా అడగండి.

కంపెనీ ఏదైనా, ఆ మోడల్‌కు విడిభాగాలు ఇక్కడ దొరకాలి. ఎవిన్‌రూడ్ మోటార్ల తయారీ 2020లోనే ఆగిపోయింది. ఎంత చవకగా వచ్చినా విడిభాగాల వేట మీదే అవుతుంది. అమెరికా, గల్ఫ్ నుంచి వచ్చిన యమహా, సుజుకి, మెర్క్యురీ మోటార్లలో కొన్ని మోడళ్ళు మన దేశంలో అమ్మినవి కావు. సీరియల్ నంబరు పట్టుకుని విడిభాగాల కౌంటర్‌కు వెళ్ళి ఇంపెల్లర్ (నీటి పంపులోని రబ్బరు చక్రం) కిట్, థర్మోస్టాట్, ఫిల్టర్లు ఎన్నిరోజుల్లో తెప్పిస్తారో అడిగితే సంగతి తేలిపోతుంది. టైమింగ్ బెల్టు ఉన్న మోటారుకు మార్చే గడువు ఉంటుంది, గొలుసు ఉన్న వాటికి ఆ ఖర్చు లేదు.

2015 డిసెంబరు వరదలు, 2016 వర్దా, 2023 మిచాంగ్ తుపాన్ల సమయాల్లో ఆ బోటు ఎక్కడుందో అడగడం మరవొద్దు. ఒక్కసారి నీట మునిగిన మోటారును వెంటనే విప్పి శుభ్రం చేయకపోతే బేరింగులు లోపలే తుప్పుపడతాయి, తర్వాత ఎప్పుడో ఆగిపోతుంది. కవరు లోపల ఎత్తున బురద గీత, వైర్ల కనెక్టర్లలో పచ్చటి చిలుము దానికి ఆనవాళ్ళు.

నీటి మీద పరీక్ష

ఇద్దరితో తేలిగ్గా తిప్పి చూస్తే ఏ బోటైనా బాగానే పరుగెడుతుంది. మీరు వాడబోయే బరువుతోనే తిప్పాలి: ఐదుగురు మనుషులు, కనీసం సగం ట్యాంకు. మొదట కదలకముందే అందరూ అమరం వైపు వెళ్ళి నిలబడండి. డెక్ రంధ్రాల గుండా నీరు లోపలికి వచ్చి పాదాలు తడుపుతుంటే, బోటు అనుకున్నదానికంటే బరువుగానో, మోటారు బోటుకు మించిన బరువుగానో ఉందని అర్థం.

పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, గేర్ వేసి తీసి, తర్వాత ఒక్కసారి థ్రాటిల్ ఇవ్వండి. ఐదారు సెకన్లలో బోటు నీటి మీదికి లేవాలి. పూర్తి థ్రాటిల్‌లో 150 హార్స్‌పవర్ తరగతి ఫోర్ స్ట్రోక్‌లు చాలావరకు 5,000–6,000 ఆర్‌పీఎం మధ్య చేరాలి. 4,700 దగ్గరే ఆగిపోతే మూడు కారణాలు ఉండొచ్చు: ప్రొపెల్లర్ పిచ్ (ఒక్క చుట్టుకు ముందుకు సాగాల్సిన దూరం) ఎక్కువ, మోటారు బలం తగ్గింది, లేదా హల్ నీరు తాగి బరువెక్కింది. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది. రెండంగుళాలు మార్చినా సరిపోకపోతే వే బ్రిడ్జి చీటీ మళ్ళీ బయటికి తీయండి.

వేగాన్ని జీపీఎస్‌తో చూసి చిన్న లెక్క కట్టవచ్చు. 5,500 ఆర్‌పీఎం, గేర్ నిష్పత్తి 2, పిచ్ 17 అంగుళాలు అనుకుందాం. 5,500ను రెండుతో భాగిస్తే 2,750. దాన్ని 17తో, ఆపై 0.001524తో గుణిస్తే గంటకు 71 కిలోమీటర్లు వస్తుంది. నీటిలో ప్రొపెల్లర్ జారుతుంది కాబట్టి జీపీఎస్ 61, 63 చూపిస్తే సబబు. 50 చూపిస్తే ప్రొపెల్లర్ రబ్బరు హబ్ జారుతోందేమో, మోటారు మరీ ఎత్తున బిగించారేమో చూడాలి.

ఒడ్డుకు వచ్చాక అడుగు కుహరమైన బిల్జ్‌లో ఎంత నీరు చేరిందో, స్టీరింగ్ సిలిండర్ సీళ్ళ దగ్గర ఆయిల్ చెమ్మ ఉందేమో చూసి అప్పుడు ధర మాట్లాడండి. నీరు తోడే పంపు తేలుడు స్విచ్ మెయిన్ స్విచ్ ఆపినా పనిచేయాలి, అంటే ఫ్యూజు ద్వారా నేరుగా బ్యాటరీకి కలిపి ఉండాలి. కట్టి ఉంచిన బోట్లు ఎక్కువగా మునిగేది రాత్రిపూట వానకు. డబ్బా మీద రాసిన పంపు సామర్థ్యంలో సగం వస్తే గొప్ప.

ఇంటివాళ్ళ కోసం

చెన్నై ఎండకు టీ-టాప్ అలంకారం కాదు, అవసరం. దాని పైపుల వెల్డింగు దగ్గర పగుళ్ళు, డెక్‌కు బిగించిన బోల్టుల చుట్టూ మెత్తదనం చూడండి. కన్సోల్ లోపల చిన్న టాయిలెట్ పట్టే గది ఉంటే ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు మూడు గంటల ప్రయాణానికి వస్తారు, లేకపోతే ఒకసారి వచ్చి మానేస్తారు. పక్కగోడ లోపలి ఎత్తు రెండడుగులకు తగ్గితే చిన్నపిల్లలకు ప్రమాదం. నిచ్చెన నీటిలోకి కనీసం రెండడుగులు దిగాలి, పొట్టి నిచ్చెన పట్టుకుని అలసిన మనిషి పైకి రాలేడు. అనియం వైపు సోఫాలు ఫొటోల్లో ముచ్చటగా ఉంటాయి గానీ బోటు పరుగులో అందరికంటే ఎక్కువగా ఎగిరిపడేది అక్కడ కూర్చున్నవాళ్ళే. పిల్లల్ని కన్సోల్ వెనుకనే కూర్చోబెట్టండి.

వేటకు సంబంధించి ఒకటే గట్టిగా చూడాలి: చేపల పెట్టె నీరు బయటికి పోవాలి, బిల్జ్‌లోకి పోకూడదు. మన వేడికి చేపకు సమానమైన బరువు ఐస్ కావాలి కాబట్టి పెట్టెకు మందమైన ఇన్సులేషన్ ఉండాలి.

పెట్రోలు ఖర్చు ముందే తెలిసి ఉండటం నయం. 150 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ పూర్తి థ్రాటిల్‌లో గంటకు 55–60 లీటర్లు తాగుతుంది, నింపాదిగా పోతే 30 దరిదాపు. ట్యాంకులో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మిగతా మూడో వంతు ముట్టుకోకుండా.

కాగితాలు

అమెరికా బోటుకు ట్రాన్సమ్ కుడి మూల పైభాగంలో 12 అక్షరాల హల్ నంబరు చెక్కి ఉంటుంది. చివరి నాలుగూ చూడండి. ‘డి607’ అంటే ‘ఏ’కు జనవరి, ‘బి’కి ఫిబ్రవరి లెక్కన 2006 ఏప్రిల్‌లో తయారై 2007 మోడల్‌గా అమ్మినది. అమ్మేవారు 2012 అంటే అక్కడే తేలిపోతుంది. మోటారు సీరియల్ నంబరు బ్రాకెట్ మీది ప్లేటుతో, బిల్లుతో సరిపోవాలి. దిగుమతైన బోటుకు కస్టమ్స్ బిల్ ఆఫ్ ఎంట్రీ లేకుండా డబ్బు ఇవ్వొద్దు. రిజిస్ట్రేషన్ దేని కింద జరిగిందో చూడాలి: వేట పడవగా ఫిషరీస్ శాఖలోనా, లోతట్టు జలాలకు 2021 ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం కిందనా, సముద్రానికి మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్ దగ్గరా. ఒకదానికి తీసుకున్న కాగితం ఇంకోదానికి చెల్లదు. వేట పడవ కాగితాలతో కుటుంబాన్ని తిప్పుతుండగా ప్రమాదం జరిగితే బీమా అడ్డం తిరగవచ్చు. ట్రైలర్‌కు వేరే ఆర్టీఓ రిజిస్ట్రేషన్ కావాలి. పోర్టు పరిధి, కల్పాక్కం, శ్రీహరికోట చుట్టూ ఉన్న ఆంక్షల హద్దులను జీపీఎస్ ప్లాటర్‌లో మొదటి రోజే గుర్తించి పెట్టుకోండి.

ధర కుదిరాక ఆ మొత్తంలో పాతిక శాతం పక్కన ఉంచుకోండి. కొన్న మొదటి నెలలోనే అది ఖర్చవుతుంది: నీటి పంపు ఇంపెల్లర్, థర్మోస్టాట్లు, ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్, ఫిల్టర్లు, యానోడ్లు (తుప్పును తమ మీదికి తీసుకునే లోహపు దిమ్మలు), ఇంధన గొట్టాలు, బ్యాటరీలు, ట్రైలర్ బేరింగులు, తలకొకటి చొప్పున సరైన కొలత లైఫ్ జాకెట్లు, వీహెచ్‌ఎఫ్ రేడియో. హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇచ్చే అలల సూచన చూడకుండా బయల్దేరొద్దు. కోస్ట్ గార్డు నంబరు 1554, తీర భద్రత పోలీసు నంబరు 1093 రెండూ కన్సోల్ మీద అతికించండి. మొదటి నాలుగు ప్రయాణాలూ ఒడ్డు కనుచూపు దాటకుండా, ఇంకో బోటు తోడుతో చేయండి. ప్రతిసారీ దించే ముందు ట్రాన్సమ్ అడుగున డ్రెయిన్ ప్లగ్ బిగించి ఉందో లేదో చేత్తో తడిమి చూడండి, అదనపు ప్లగ్ ఒకటి తాళంచెవికే కట్టి ఉంచండి.